పేదలపై పరిశోధన వర్ధిల్లాలి, జవాబులు మాత్రం దొరక్కూడదు

పేదవాళ్ల ఆరోగ్యం మీద జరిగే పరిశోధనలకి పెద్ద ముప్పు వచ్చి పడింది. కొన్నిటికి జవాబులు దొరికిపోతున్నాయి. దొరికితే దొరికాయి, అవి మరీ చవగ్గా ఉంటున్నాయి, అసలు బాధ అదీ.

1971 సంగతే చూడండి. బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్లతో సరిహద్దు శిబిరాలు కిక్కిరిసి, కలరా పట్టుకుంది. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. పద్ధతి తెలిసిన మనిషైతే సెలైన్ కొరత మీద కమిటీ వేసేవాడు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు మాత్రం, గ్లూకోజు తోడుంటే పేగులు ఉప్పునీ నీటినీ పీల్చుకుంటాయని అంతకుముందే పరిశోధకులు తేల్చిన విషయాన్ని నిజంగానే నమ్మేసి, గ్లూకోజు, ఉప్పు, వంటసోడా నీళ్లలో కలిపించి, డ్రముల్లో పోయించి, రోగుల తాలూకు వాళ్లనే పట్టించమన్నాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి దిగాయి. సూది లేదు, బిల్లు లేదు, పక్కన కూర్చున్న తల్లే వైద్యురాలు! 1978లో లాన్సెట్ పత్రిక, ఇది ఈ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కావచ్చని కూడా రాసింది. ఉప్పు నీళ్లని ఇలా నెత్తికెత్తుకుంటే పేటెంట్ల మీద బతికేవాళ్ల మనసు ఎంత నొచ్చుకుంటుందో ఎవరైనా ఆలోచించారా?

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు చేసింది ఇంకా ఘోరం. ఊళ్లోని ఆడవాళ్లకి పసిబిడ్డని తూచడం, వెచ్చగా ఉంచడం, ఇన్ఫెక్షన్ గుర్తుపట్టి మందివ్వడం, అవసరమైతే ఇంజెక్షన్ చెయ్యడం నేర్పారు. ఆ ఊళ్లలో ప్రతి 1000 కాన్పులకి 62 మంది దాకా నెలలోపే పోయే పసివాళ్లు, కొన్నేళ్లలో 25కి తగ్గారు. ఏ స్పెషలిస్టు సంతకమూ లేకుండా అంతమంది పిల్లలు బతికెయ్యడం ఎంత పద్ధతి తక్కువ పని! అదృష్టం బాగుండి ప్రభుత్వం కంగారు పడలేదు. 1999లో ఆ ఫలితాలు అచ్చయితే, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి పసిబిడ్డల్ని చూసే పథకం దేశమంతటికీ 2011లో వచ్చింది, అదీ ఇంజెక్షన్ తీసేసి. జవాబు కూడా కాస్త మాగాలి కదా.

ఇక 2023లో వచ్చినదైతే మరీ అన్యాయం. జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇళ్లలో మిగతావాళ్లకి కూడా నెలనెలా తిండిగింజలు, విటమిన్లు ఇస్తే, ఆ కుటుంబాల్లో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందట. అన్నం తింటే జబ్బు తక్కువ వస్తుంది! ఈ సంగతి తేల్చడానికి పది వేలమందికి పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించాల్సి వచ్చింది, నిజం చెప్పాలంటే అలా తేలింది కాబట్టే ఇప్పుడు ఎవరూ కాదనలేరు, ఇబ్బందల్లా అక్కడే.

నాకు నచ్చిన పరిశోధన వేరు. అదే 1971లో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వేల్స్ డాక్టరు, మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని రాశాడు. అర్ధశతాబ్దం దాటినా చెక్కుచెదర్లేదు. దాన్ని ఇన్నాళ్లూ కాపాడుకుంటూ వచ్చిన యంత్రాంగాన్ని మెచ్చుకోవాలి.

ఈమధ్య కొందరు, సర్వే ఫలితాలు పట్టుకుని మళ్లీ ఆ ఊరికి వెళ్లి చెప్పడానికి బడ్జెట్‌లో ఓ పద్దు పెట్టాలంటున్నారు. నేను పూర్తిగా వ్యతిరేకం. ఫలితాలు చెప్పాల్సింది హోటల్ హాల్లో, స్లైడ్ల మీద. ఊరికెళ్తే ఏమవుతుందో తెలుసా? మొదట సర్వేకి వెళ్లినప్పుడు, ట్యాబ్ పట్టుకున్న కుర్రాడు ఒకావిడని "అమ్మా, మీ ఇంటి పైకప్పు దేనిది? నిన్న పొద్దుట్నుంచీ ఏమేం తిన్నారు? గత 15 రోజుల్లో ఎవరికైనా దగ్గొచ్చిందా?" అని గంటన్నర అడిగి, వేలిముద్ర వేయించుకుని లేచి వచ్చేశాడు. ఆవిడ అప్పుడే "బాబూ, మరి ఆ దగ్గుకి మందు ఎప్పుడిస్తారు?" అనడిగింది. మళ్లీ కనిపిస్తే మళ్లీ అదే అడుగుతుంది. ఫారంలో 'తెలియదు' అంటే 98, 'చెప్పనన్నారు' అంటే 99. ఆవిడే మనల్ని ఎదురు ప్రశ్న వేస్తే ఏ నంబరు కొట్టాలో ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.