30 రోజుల నోటీసు ఎవరికి రక్ష?

మతాలు వేరైన ఇద్దరు ఎవరి మతంలో వారుంటూ పెళ్లి చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దరఖాస్తు ఇచ్చాక పేర్లు, వయసు, చిరునామాలతో కూడిన నోటీసును వివాహ అధికారి ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇద్దరిలో ఒకరి శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతి అక్కడికీ వెళుతుంది, అక్కడి గోడకూ ఎక్కుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లో చెప్పలేక దరఖాస్తు పెట్టుకున్న అమ్మాయి సంగతిని సొంత జిల్లాకు ప్రభుత్వమే చేరవేస్తోంది.

నిబంధన పెట్టినవారి ఉద్దేశాన్ని మేము శంకించడం లేదు. మొదటి పెళ్లిని దాచి రెండో పెళ్లికి తయారయ్యేవారిని ఆపి, వివాహ వ్యవస్థను కాపాడాలనుకున్నారు. అయితే హిందూ వివాహ చట్టం కింద జరిగే పెళ్లికి ఇలాంటి ముందస్తు నోటీసు లేదు. మోసాలు అక్కడ జరగవా?

కన్నవారికి ఇష్టం లేకపోవడం అభ్యంతరానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు. అయినా ఎవరో ఒక కాగితం ఇస్తే విచారణ తేలేదాకా పెళ్లి ఆగుతుంది. అది కుంటిసాకని తేలినా అధికారి విధించగల ఖర్చులు వెయ్యి రూపాయలు దాటవు. నిజానికి పగబట్టినవారికి అభ్యంతరంతో పనే లేదు, కబురు అందితే చాలు. 2018లో మిర్యాలగూడలో కులం దాటి, 2022లో సరూర్‌నగర్‌లో మతం దాటి పెళ్లి చేసుకున్న యువకులను భార్యల కళ్లెదుటే చంపారు. అలాంటి చోట పెళ్లి కాకముందే నెల రోజులు ఊరందరికీ తెలిసేలా ఎదురుచూడమనడం ఎంత దారుణం!

అందుకే జంటలు ఈ చట్టం గడప తొక్కడానికి భయపడుతున్నాయి. ఒకరు మతం మారి, ఆర్యసమాజ్‌లోనో నిఖాతోనో ఒకటవుతున్నారు. 1872 నాటి పాత చట్టంలో పెళ్లి కోసం తమ మతాన్ని కాదనుకుంటున్నట్టు ప్రకటించాల్సి వచ్చేది. 1954లో తీసేసిన ఆ భారాన్ని ఈ నోటీసు దొడ్డిదారిన మళ్లీ నెత్తికెత్తుతోంది.

నోటీసు ప్రచురించాలో వద్దో జంట ఇష్టానికే వదలాలని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు తీర్పునిచ్చింది. కేరళ 2020లోనే నోటీసులను వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేసింది. ఇవి చాలవు. పార్లమెంటు ఆరో సెక్షన్‌ను సవరించి, గోడ మీద నోటీసును ఎత్తేయాలి. వయసుకు, వైవాహిక స్థితికి ధ్రువపత్రాలు, అఫిడవిట్లు అడగవచ్చు. అబద్ధం చెప్పినవారిని శిక్షించడానికి ఇప్పటికే చట్టాలున్నాయి. ఆపదలో ఉన్న జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగాలు పెట్టమని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఆదేశించింది. అవి ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ప్రతి రిజిస్ట్రేషన్ ఆఫీసు గోడ మీదా రాయించాలి.