మూడుసార్లు పిలిచారట!

శ్రీయుత పేరుపిలుపు గారికి,

హనుమకొండ నుంచి డిగ్రీ మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ప్రతి ఆఫీసు గుమ్మంలో, ప్రతి క్లాసులో మీరు గట్టి గొంతుతో క్షేమంగా ఉన్నారని పదిమందీ చెప్తుంటే తెలుసుకుని సంతోషించాను. స్వయంగా విని సంతోషించే భాగ్యం లేదు. నాది పుట్టు చెవుడు.

మొన్న మంగళవారం మీరు నాకోసం వచ్చారట. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తలుపుకు పది అడుగుల దూరంలోనే ఉన్నాను. అయినా మనకు కలిసే యోగం లేకపోయింది.

అది వినికిడి లోపం ఉన్నవాళ్ళకు సర్టిఫికెట్లిచ్చే క్యాంపు. మీకు సరిగ్గా వినపడి ఉండదు, ఇంకోసారి చెప్తాను. వినపడనివాళ్ళ కోసం పెట్టిన క్యాంపు. మీసేవలో స్లాట్ దొరకబుచ్చుకుని, కాలేజీకీ, నేను పనిచేసే షాపుకూ సెలవు పెట్టి, పొద్దున ఎనిమిదిన్నరకే పోయి కూర్చున్నాను. బెంచీల మీద నలభై మంది దాకా ఉన్నాం. సగం మంది చేతులతోనే ముచ్చట్లు పెట్టుకుంటున్నారు. ఇంతలో తలుపు తెరుచుకుంది. అటెండర్ మూతికి మాస్కు, చేతిలో లిస్టు, చూపు లిస్టులో. అలా మిమ్మల్ని గాలిలోకి వదిలి, అరనిమిషం ఆగి, తలుపేసుకున్నాడు.

పెదాలు చూసి పట్టుకుందామంటే మాస్కు అడ్డం. మాస్కు కదలిక చూసి పట్టుకుందామంటే రాజుకూ రాజేశ్వరికీ ఒకేలా ఊగుతుంది. అమ్మానాన్నలు వెంట ఉన్న పిల్లలు లోపలికి పోయి వస్తున్నారు. ఒంటరిగా వచ్చినవాళ్ళం తలుపు తెరిచినప్పుడల్లా సగం లేవడం, మళ్ళీ కూలబడడం. చిన్నప్పుడు బడిలో తీసిన గుంజీలన్నీ కలిపినా ఆ రోజు తీసినన్ని ఉండవు. మంచినీళ్ళకు కూడా లేవలేదు. లేచిన ఆ రెండు నిమిషాల్లో మీరు వచ్చిపోతే?

రెండున్నరకు తలుపు మూసి తాళం వేశారు. ఉరికి పోయి ఫోన్‌లో రాసి చూపించాను: 'నా పేరు ఎప్పుడు వస్తుంది?' అటెండర్ ఆ ఫోన్ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అబద్ధం కాదండీ, చెవి దగ్గరే. ఎవరు మాట్లాడుతున్నారా అని కాసేపు చూశాడు కూడా. ఫోన్ వెనక్కి తీసుకుని, మాటల్ని అక్షరాలుగా మార్చే యాప్ తెరిచి ఆయన ముందు పెట్టాను. స్క్రీన్ మీద వరుసగా పడ్డాయి. 'మూడుసార్లు పిలిచిన.' 'నువ్వు లేవు.' 'ఏడికి పోయినవ్.' రిజిస్టర్ నా వైపు తిప్పి చూపించాడు. నా పేరు పక్కన ఎర్ర సిరాతో 'రాలేదు' అని ఉంది. వచ్చి, ఆరు గంటలు కూర్చుని, ఆ 'రాలేదు' అన్న మాటను నేనే నిలబడి చదువుకున్నాను.

తర్వాత పడిన వాక్యం ఇది: 'ఇనపడనప్పుడు ఎంట ఎవరినన్నా తోల్కరావాలె గదా.'

ఇంతవరకూ మీరు, గారు అని రాశాను. ఇకమీదట రాయలేను.

ఎవరిని తోలుకరావాలి? నాకు ఇరవై ఏళ్ళు. ఓటుంది. ఫీజు నేనే కట్టుకుంటున్నాను. మా అమ్మ నర్సంపేట దగ్గర మిరపకాయ ఏరడానికి పోతుంది. ఆమె వస్తే నా ఒక్కరోజు కూలితో పాటు ఆమెదీ పోతుంది. నా ఊరు నుంచి బస్సెక్కి, దిగి, దారి కనుక్కుని, చీటీ రాయించుకుని ఇంతదూరం వచ్చినదాన్ని నీ దగ్గరికొచ్చేసరికి పసిపిల్లను చేస్తావా? ఒక చెవి అద్దెకు తెచ్చుకుంటే తప్ప నాకు చెవి లేదని రాసివ్వరా?

లెక్క కూడా వాళ్ళ దగ్గరే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి పోయినవాళ్ళు బధిరులు. మామూలు మాట 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. అంటే నువ్వు నాకు వినపడవని నిరూపించే యంత్రాన్ని లోపలి గదిలో పెట్టుకుని, ఆ గదిలోకి రమ్మనడానికి బయట నిన్నే వాడుతున్నారు. నువ్వు వినపడి నేను లేచానే అనుకో, 'నీకు వినపడుతోందిగా, సర్టిఫికెట్ ఎందుకు' అని వెనక్కి పంపేవాళ్ళు. లేవలేదు కాబట్టి 'రాలేదు'.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని మనవాళ్ళు సామెత చెప్తారు. శంఖం కొరకడానికి ఎందుకు తంటాలు పడుతున్నావని అడిగాడట చెవిటాయన. తరతరాలుగా అందరూ నవ్వేది ఆయన్ని చూసే. ఎదురుగా ఉన్నది చెవిటివాడని తెలిసీ బుగ్గలు పూరించి ఊదిన పెద్దమనిషిని ఒక్కరూ ఏమీ అనలేదు. మంగళవారం నుంచి నాకు ఆ పెద్దమనిషి మొహం తెలుసు. మాస్కు ఉంటుంది.

ఇంతకీ ఆ కాగితం ఎందుకంటే, పాతది ఐదేళ్ళకని ఇచ్చారు. ఐదేళ్ళలో చెవి చిగురిస్తుందని ఆశపడ్డారేమో. నెలకు 4,016 రూపాయల పింఛను, బస్ పాస్, పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం, అన్నీ ఆ కాగితానికే ముడిపడి ఉన్నాయి. సెమిస్టర్ పరీక్షలు వచ్చే నెల. మళ్ళీ స్లాట్ ఎప్పుడు తెరుస్తారంటే ఫోన్ చేసి కనుక్కోమని నోటీసు బోర్డు మీద నంబరు రాశారు. చూశావా, అక్కడా నీ చుట్టాలే.

మిగతా చోట్ల నువ్వు చేసేవి ఓర్చుకున్నాను. క్లాసులో హాజరు వేళ పక్క బెంచీ పిల్ల మోచేత్తో పొడిస్తే చెయ్యెత్తుతాను. ఆమె రాని రోజు నేనూ రానట్టే. స్టేషన్‌లో రైలు వేరే ప్లాట్‌ఫాం మీదికి వస్తోందని నువ్వు చెప్తే, జనం ఉరికే దిక్కు చూసి నేనూ ఉరుకుతాను. ఒకసారి అలా ఉరికి, వాళ్ళతో పాటు వేరే రైలెక్కాను.

నువ్వు నన్ను మోసం చేయడం ఇది మొదటిసారేం కాదు. 21వ రోజున తొట్టెలలో వేసి, మా మేనత్త నా చెవిలో మూడుసార్లు పేరు చెప్పిందట. అప్పుడూ మూడుసార్లే. అందరూ చప్పట్లు కొట్టారట, నేను నిద్రపోతూనే ఉన్నానట. ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయారట. 2012లో మేడారం జాతరకు పోయినప్పుడు నాకు ఆరేళ్ళు. జంపన్న వాగు దగ్గర చెయ్యి వదిలి తప్పిపోయాను. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో పిలుస్తారు కదా, నా పేరూ పిలిచారు. లక్షల మంది విన్నారు. వినాల్సింది నేను, బెల్లం ముక్క చప్పరిస్తూ మైకు స్తంభం కిందే కూర్చున్నాను. చివరికి నా అరచేతిలో అమ్మ బాల్‌పెన్నుతో రాసిన నంబరు చూసి ఒక పోలీసాయన ఫోన్ చేశాడు. అమ్మ వచ్చి ముందు కొట్టి తర్వాత ఏడ్చింది. ఆ రోజు మైకులో నీ కోసం అమ్మ ఎంత బతిమాలిందో తర్వాత సైగలతో చెప్పింది. అందుకే నీ మీద పూర్తిగా కోపం పెట్టుకోలేను. ప్రయత్నమైతే చేశావు.

మా చెవిటి దోస్తులకు నువ్వక్కర్లేదు. నా ఎడమ బుగ్గ మీద సొట్ట ఉంది. చూపుడువేలు అక్కడ పెట్టి రెండుసార్లు తిప్పితే అది నా పేరు. ఎంత గోలలోనైనా, బస్సు అద్దం అవతలి నుంచైనా పిలవచ్చు.

సాయంత్రాలు నేను పనిచేసేది ఫ్లెక్సీ షాపులో. డిజైన్లు చేస్తాను. మా ఓనరన్న పదో తరగతి తప్పాడు. పనిలో చేరిన మొదటిరోజే నన్ను రెండుసార్లు పిలిచి చూశాడు, మూడోసారికి ట్యూబ్‌లైట్ స్విచ్ టకటకా ఆర్పి వేశాడు. నేను తిరిగి చూశాను. అంతే, రెండేళ్ళుగా అదే. ఆయనకు ఏ జీవో రాలేదు, ఏ శిక్షణా ఇవ్వలేదు. ఆ క్యాంపులో స్విచ్‌బోర్డు లేదా? పోనీ ఒక పలక, ఒక బలపం? నంబరు రాసి ఎత్తి చూపిస్తే చెయ్యి పడిపోతుందా?

అక్కడ రోజూ నేను చేసే పని ఊళ్ళోవాళ్ళ పేర్లు పెద్దవి చేయడం. వార్డు నాయకుల పేర్లు, వాళ్ళ బామ్మర్దుల పేర్లు, రోడ్డవతలి నుంచి కూడా కనపడేలా. నిన్న పని అయిపోయాక నా పేరు, కింద 'నేను ఇక్కడే ఉన్నాను' అని టైప్ చేసి, ఎర్ర అక్షరాలకు పసుపు అంచు కట్టి, మెడలో వేసుకునేంత సైజులో పెట్టాను. వచ్చే స్లాటుకు అమ్మను రానివ్వను, దీన్ని తీసుకెళ్తాను. ప్రింట్ కొట్టబోతుంటే ట్యూబ్‌లైట్ రెండుసార్లు ఆరి వెలిగింది. వెనక్కి తిరిగాను. అన్న స్క్రీన్ వైపు చూస్తూ చీటీ మీద రాసిచ్చాడు:

'ఎవరి బర్త్‌డే చెల్లె? ఫొటో పెట్టలేదేం?'