ప్రశ్నోత్తరాల సమయం గారికి ఒక అనుబంధ ప్రశ్న

మహారాజశ్రీ ప్రశ్నోత్తరాల సమయం గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కానీ మా క్షేమం సంగతి చూడాల్సిన ఆరోగ్య కేంద్రం గురించే ఈ ఉత్తరం కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను. మీరు అక్కడ అసెంబ్లీలో క్షేమం కాదని నిన్న టీవీలో చూశాను.

నిన్న మా మండలం వంతు వచ్చింది. కొత్త ఆరోగ్య కేంద్రం భవనం మీద మా ఎమ్మెల్యే గారు వేసిన ప్రశ్న, నక్షత్రం గుర్తుతో సహా, జాబితాలో ఉంది. వాట్సాప్ గ్రూపులో ముందు రోజు రాత్రి నుంచే హడావుడి. పనులు మానుకుని టీవీల ముందు కూర్చున్నాం. మొదటి ప్రశ్న ఇంకెక్కడిదో రోడ్ల గురించి. లేచిన సభ్యుడు "అధ్యక్షా" అన్నారు, అవకాశం ఇచ్చిన తమరికి ధన్యవాదాలన్నారు, ముఖ్యమంత్రి గారికి ధన్యవాదాలన్నారు, జిల్లా మంత్రి గారికి, ఇన్‌ఛార్జ్ మంత్రి గారికి కూడా ధన్యవాదాలన్నారు, తీరా రోడ్డు దగ్గరికి వచ్చేసరికి మైకు కట్టయింది. మంత్రి గారు లేచి గత ప్రభుత్వం ఏం చేసిందో చెప్పారు. గత ప్రభుత్వం వాళ్లు లేచి అంతకు ముందు ప్రభుత్వం ఏం చేసిందో చెప్పబోయారు. తర్వాత పోడియం, ప్లకార్డులు, వాయిదా. మళ్లీ కూర్చున్నాక, మిగతా ప్రశ్నలకు సమాధానాలు సభకు సమర్పించినట్టుగా భావిస్తున్నామని ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకెళ్లిపోయారు. మా ప్రశ్న ఆ మిగతాలో కలిసిపోయింది.

భావించారు సరే. సమర్పించిన ఆ కాగితం సాయంత్రానికి మా గ్రూపులోకి కూడా వచ్చింది. ఇదీ దాని సారాంశం:

(ఎ) భవన నిర్మాణం పనులు ఆగిపోయిన మాట వాస్తవమేనా? లేదండి. పనులు ప్రగతిలో ఉన్నాయి.
(బి) అయితే, అందుకు కారణాలేమిటి? ప్రశ్న ఉత్పన్నం కాదు.
(సి) ఎప్పటిలోగా పూర్తి చేస్తారు? నిధుల లభ్యతను బట్టి.

ప్రగతిలో ఉన్న ఆ పనులు ఎలా ఉన్నాయో చెప్తాను. స్లాబు పడింది. గోడలు సగం లేచాయి. పిల్లర్ల పైనుంచి బయటికొచ్చిన ఇనుప చువ్వలు తుప్పు పట్టి, వానాకాలం రాగానే గోడ మీద ఎర్రటి చారలు దిగుతున్నాయి. ఆ చువ్వలకు తాడు కట్టి పక్కింటి వాళ్లు బట్టలు ఆరేసుకుంటున్నారు, ఇప్పటికి ఆ భవనం ప్రజలకు చేస్తున్న సేవ అదొక్కటే. డాక్టరమ్మ రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుంటుంది. బీపీ మాత్రల కోసం వచ్చిన ముసలివాళ్లు వీధి అరుగు మీద, కాన్పుకు దగ్గరపడ్డ వాళ్లు స్కూటర్ మీద పట్నానికి.

అయ్యా, నా బాధ ఆ జవాబు అబద్ధం అయినందుకు కాదు. కాగితం మీద జవాబులు అలాగే వస్తాయి, కింది ఆఫీసులో రాసినది పై ఆఫీసు దాటుకుంటూ మంత్రి గారి ఫైల్లోకి చేరేసరికి దాన్ని ఎవరూ పట్టుకోలేనంత నున్నగా చేసి పంపిస్తారు. అందుకే కదా మీ దగ్గర అనుబంధ ప్రశ్న అనేది పెట్టారు. నక్షత్రం గుర్తుకు ఉన్న విలువంతా అదే: మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద సభ్యుడు మళ్లీ అడగొచ్చు. మా ఎమ్మెల్యే గారు లేచి ఒకే ఒక్క మాట అడిగితే చాలు: "అధ్యక్షా, పనులు ప్రగతిలో ఉన్నాయన్నారు, సంతోషం, కాంట్రాక్టరుకు ఆఖరి బిల్లు ఏ నెలలో చెల్లించారు?" అంతే. తేదీ చెబితే పని ఎప్పుడు ఆగిందో తేలిపోతుంది. చెప్పకపోతే చెప్పలేకపోయిన సంగతి రికార్డులో ఉంటుంది. గ్యాలరీలో ఫైళ్లు పట్టుకుని కూర్చున్న అధికారుల్లో ఒక్కరైనా చీటీ రాసి పంపడానికి పెన్ను వెతుక్కుంటారు. ఆ కాస్త టెన్షన్ కోసమే కదా మేం మనిషిని ఎన్నుకుని పంపింది!

ఈ దేశంలో చట్టసభలో ప్రశ్న అడిగే హక్కు 1892 చట్టంతో వచ్చింది. అనుబంధ ప్రశ్నకు మాత్రం 1909 దాకా ఆగాల్సి వచ్చింది. అంటే మొదటి ప్రశ్న అడగనిచ్చినా, రెండోది ఎంత ప్రమాదమో తెల్లదొరలకు తెలుసు. ఇవ్వడానికి పదిహేడేళ్లు తటపటాయించారు. వాళ్లు గింజుకుంటూ ఇచ్చినదాన్ని మనవాళ్లు ప్లకార్డుల కింద వేసి తొక్కుతున్నారు.

మీ మంచి రోజులు నాకు తెలియనివి కావు. జీవిత బీమా సంస్థ డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లలోకి ఎలా వెళ్లిందని 1957లో లోక్‌సభలో ప్రశ్నగా మొదలైంది. ఫిరోజ్ గాంధీ దాన్ని వదలకుండా తవ్వారు, విచారణ కమిషన్ వచ్చింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అడిగినాయన అధికార పార్టీ ఎంపీ, పైగా ప్రధానమంత్రికి సొంత అల్లుడు. ఇప్పుడు అధికార పార్టీ సభ్యుడికి మైకు దొరికితే ఏమడుగుతున్నాడో పైన రాశాను.

2005లో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారని 11 మంది ఎంపీలను బహిష్కరించారు. తప్పే, సందేహం లేదు. కానీ ఆ రోజుల్లో ప్రశ్నకు రేటు పలికేదండీ. రాజ్యసభలో పొద్దున్నే గొడవ అవుతోందని 2014లో మిమ్మల్ని పదకొండు గంటల నుంచి పన్నెండింటికి జరిపితే, గొడవ కూడా మీ వెనకే పన్నెండింటికి వచ్చేసింది. 2020 సెప్టెంబరులో కరోనా పేరు చెప్పి పార్లమెంటు సమావేశాల్లో మిమ్మల్ని పూర్తిగా ఎత్తేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం మిగిల్చారు. లాక్‌డౌన్‌లో ఇళ్లకు నడిచిపోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని అడిగితే, అలాంటి లెక్కలు లేవన్నారు. పరిహారం ఇచ్చారా అంటే, లెక్కలే లేవు కాబట్టి ప్రశ్న ఉత్పన్నం కాదన్నారు. దాని మీద లేచి, ఎందుకు లెక్క పెట్టలేదని అడగడానికి ఆ సమావేశాల్లో మీరు లేరు.

ఇక ఇక్కడితో గారూ బూరూ బంద్. నువ్వు ఎవడి సొమ్మనుకుంటున్నావు? ఆ గంట ప్రభుత్వానిది కాదు, ప్రతిపక్షానిదీ కాదు, స్పీకర్ దయాదాక్షిణ్యమూ కాదు. 2023 మార్చిలో కేంద్ర బడ్జెట్, 45 లక్షల కోట్ల రూపాయలు, లోక్‌సభలో శాఖల పద్దుల మీద చర్చ అన్నదే లేకుండా గిలెటిన్ వేసి, అంటే పద్దులన్నీ ఒక్కసారే ఓటుకు పెట్టి, మూజువాణి ఓటుతో దాటించేశారు. అంత పెద్ద పద్దు అలా వెళ్లిపోయాక, మా మండలం బిల్లు ఎక్కడ ఇరుక్కుందని అడగడానికి ఆ ఒక్క గంటా కాకపోతే ఇంకేం మిగిలింది మాకు? గొడవ చేయాలంటే రోజంతా ఉంది. పొగడాలంటే పార్టీ ఆఫీసు ఉంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక ఎప్పుడో వస్తుంది, వచ్చినా ఆఖరి రోజున సభలో పెట్టి ఇంటికి పోతారు. నిన్ను తొక్కుతుంటే చూస్తూ ఊరుకుంటావేం?

అవునులే, గంటకు నోరేది? నోరున్నవాళ్లే కూర్చున్నారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వెనక వరసలో ఒకాయన ఉంటారు, పార్టీ ఏదైతేనేం, చేతిలో కాగితాలకు పెన్సిల్ గుర్తులు పెట్టుకుని వస్తారు. నిన్న వాయిదాకు ముందు ఆయనకు నిమిషం దొరికింది. ధన్యవాదాలు చెప్పలేదు. రోడ్డుకు మంజూరైనదెంత, ఖర్చయినదెంత, తేడా ఏ పద్దుకు మళ్లించారు అని గబగబా అడిగేశారు. మంత్రి గారు పక్కకు చూశారు, ఒక చీటీ వచ్చింది, దాన్ని రెండుసార్లు చదువుకుని "వివరాలు తెప్పించి పంపిస్తాం అధ్యక్షా" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషం చూడటానికే నేను మళ్లీ టీవీ పెడతాను.

మా ఎమ్మెల్యే గారికి రేపు అర్జీ ఇవ్వబోతున్నాం. ప్రశ్న మళ్లీ వేయండి, ఈసారి "పనులు ఆగిపోయిన మాట వాస్తవమేనా" అని మాత్రం అడగొద్దు, ఆఖరి బిల్లు తేదీ, మొత్తం, ఎం.బుక్‌లో, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కించిన కొలతలు నేరుగా అడగండి అని తెలుగులో టైపు చేసి పెట్టాం. మీరు చేయాల్సిందల్లా ఆ రోజు వాయిదా పడకుండా ఉండటమే.

ఇట్లు,
నక్షత్రం గుర్తు లేని ఒక ఓటరు