టంగుమంటే చాలు, రేసుకు రెడీ!

అమెరికాలో శనివారం రాత్రి కార్ల రేసులు జరిగే మట్టి ట్రాకుల దగ్గర టెక్ ఇన్‌స్పెక్షన్, అంటే కార్ల తనిఖీ, అనే పూజ ఒకటి జరుగుతుంది. (ఎల్డోరా, నాక్స్‌విల్ లాంటి పెద్దింటి ట్రాకుల సంగతి వదిలేయండి, నేను చెప్పేది ఊరి చివర ట్రాకుల గురించి.) ఇంధనం నమూనా తీస్తారు. టైరు గట్టిదనాన్ని డ్యూరోమీటర్‌తో గుచ్చి చూస్తారు. కారును కాటా ఎక్కించి ఆఖరి పౌండు దాకా లెక్కగడతారు. వీటిలో ఎవడైనా మోసం చేస్తే పక్కవాడికి ప్రైజు పోతుంది. మహాపాపం కదా!

ఇక డ్రైవర్ తల చుట్టూ ఉండే రోల్ కేజ్ వంతు. కారు పల్టీ కొడితే ప్రాణం కాపాడాల్సిన ఉక్కు గొట్టాల చట్రం అది. ఇన్‌స్పెక్టర్ గారు వేలి కణుపుతో గొట్టాన్ని కొడతారు. టంగ్! కళ్లు మూసుకుని మరోసారి కొడతారు. నాడి పట్టిన వైద్యుడిలా తలాడిస్తారు. చుట్టూ చేరినవాళ్లూ గంభీరంగా తలలాడిస్తారు. ‘పాస్’ స్టిక్కర్ అంటించేస్తారు. గొట్టం గోడ మందం 0.095 అంగుళాలో, 0.083 అంగుళాలో ఆ కణుపుకు తెలిసిపోయిందన్నమాట! లోపలి తుప్పు కూడా వినిపించే ఉంటుంది.

పోనీ, చిన్న తూటు వేసి మందం కొలవండి అంటే, ‘గొట్టం బలం తగ్గిపోదూ?’ అని కారు యజమాని గుండెలు బాదుకుంటాడు. బరువు తగ్గాలని పలచటి గొట్టం ఏరి కొన్నది ఈ మహానుభావుడే. ఒకటిన్నర అంగుళాల గొట్టంలో 0.095కు బదులు 0.083 వాడితే బరువు సుమారు 12 శాతం తగ్గుతుంది. బలమూ దాదాపు అంతే తగ్గుతుంది. కేజ్ మొత్తమ్మీద మిగిలే నాలుగైదు కేజీలు డ్రైవర్ పొట్టలోంచే తీయొచ్చు, కానీ బీరు మానమని ఎవడు చెబుతాడు? శబ్ద తరంగాలతో మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్‌కి తూటే అక్కర్లేదు. దానికి ట్రాకు దగ్గర బడ్జెట్ లేదట.

వీళ్లను మించిన ఘనులున్నారు. స్ప్రింట్ కారు అనే 900 హార్స్‌పవర్ మట్టి రేసు కారు నాలుగు పల్టీలు కొట్టి కేజ్ మడతపడుతుంది. క్రోమోలీ అనే మిశ్రమ ఉక్కు గొట్టాన్ని గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చి, జాకీతో లేపి, వెల్డింగ్‌ను నున్నగా అరగదీసి, రంగు కొడతారు. ‘ఒక్క సీజనే వాడింది’ అని అమ్మకానికి పెడతారు. కొనేది ఎవరు? పదహారేళ్ల కొడుకును రేసుల్లో దించాలని అప్పు చేసి వచ్చిన తండ్రి.

మడతపడిన ఉక్కు మళ్లీ పాత ఉక్కు కాదు. అరగదీసిన అతుకు మెరుస్తుంది, పట్టు ఉండదు. రంగు కొట్టినవాడికి ఇది తెలుసు. తెలిసే అమ్మాడు! వాణ్ని అదే సీట్లో బెల్టులేసి బిగించి, అదే మలుపులో తిప్పాలి.

రేపు ఆ కుర్రాడికేమైనా అయితే ఒక నిమిషం మౌనం పాటిస్తారు. స్టాండ్లలో హెల్మెట్ తిప్పి చందా పోగేస్తారు. జనం ధారాళంగానే వేస్తారు, మట్టి రేసుల అభిమానులు మనసున్నవాళ్లు. ఆ ఒక్క రాత్రి డబ్బుకు గేజ్‌లు ఎన్నో వస్తాయి. అప్పుడు మాత్రం బడ్జెట్ మాట ఎవడూ ఎత్తడు.