పదో గేరు ఎవరి మార్కుల కోసం?

మొన్న శ్రీశైలం వెళ్తూ మా బావమరిది తన కొత్త ఎస్‌యూవీ తాళం నా చేతికిచ్చాడు. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. కంపెనీ పేరు అనవసరం, నా తగాదా ఆ ఒక్క కంపెనీతో కాదు. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతున్నాం. నేను యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే బండి "ఓహో, ఈయనకి తొందర లేదు" అనుకుని పై గేరులోకి పోతుంది. ఇంజిన్ పట్టు వదిలేసి బండి జారుతుంది. బ్రేక్ తొక్కితే ఒక గేరు దిగుతుంది. బ్రేక్ వదిలితే మళ్లీ పైకి. లింగాలగట్టు వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కేటప్పుడు ఇంకో తమాషా. మూడా, నాలుగా, ఐదా అని తేల్చుకోలేక సరిగ్గా మలుపు మధ్యలో గేరు మార్చింది. అదే మలుపులో నా పాత ఐదు గేర్ల బండి అయితే సెకండ్‌లో వేసి మరిచిపోయేవాణ్ణి.

"స్మూత్‌గా ఉంది కదా బావా" అన్నాడు వాడు. స్మూత్‌గానే ఉంది. కాకపోతే బండి నేను నడిపినట్టు లేదు, ఎవరో నడుపుతుంటే నేను స్టీరింగ్ పట్టుకుని సాయం చేసినట్టుంది.

ఆటోమేటిక్ అంటే నాకు పగ లేదు. సాయంత్రం ఆరింటికి సైబర్ టవర్స్ దగ్గర హాఫ్ క్లచ్ మీద గంటసేపు నిలబడిన ఎడమ కాలు నాకూ ఉంది. నా ప్రశ్న గేర్ల లెక్క గురించి. ఆరు దాటాక కలిపిన ఏ గేరూ నడిపేవాడి కోసం కలిపింది కాదని నా నమ్మకం.

చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి గబగబా చెప్పేస్తాను. 1939లో జనరల్ మోటార్స్ హైడ్రామాటిక్ తెచ్చినప్పుడు దానికి నాలుగు గేర్లు. 1950లో వచ్చిన షెవర్లే పవర్‌గ్లైడ్‌కి రెండే, అమెరికా దాంతోనే దర్జాగా తిరిగింది. 2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో ఆరు గేర్ల ఆటోమేటిక్ వచ్చింది. అంటే నాలుగు నుంచి ఆరుకు రావడానికి అరవై రెండేళ్లు. ఆ తర్వాత పూనకం వచ్చింది. 2003లో మెర్సిడెస్ ఏడు, 2006లో లెక్సస్ ఎనిమిది, 2013లో తొమ్మిది, 2017 నాటికి ఫోర్డ్, జీఎం, హోండా, లెక్సస్ అంతా పదికి చేరారు.

నాలుగు నుంచి ఆరుకు వెళ్లడం న్యాయమే. మన దగ్గర బ్రెజాకి నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉన్నప్పుడు హైవే మీద ఇంజిన్ పడే యాతన వినలేక పాటల సౌండ్ పెంచుకున్నవాళ్లున్నారు. 2022లో ఆరు గేర్లు వచ్చాక ఆ బాధ తీరింది. అక్కడ ఖాళీ ఉంది, నింపారు. ఆరు దాటాక ఏ ఖాళీ నింపుతున్నారో చూద్దాం.

దీనికి చిన్న లెక్క చేయాలి, ఓపిక పట్టండి. గేర్‌బాక్స్ అవతలి ఇరుసు ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ ఎన్నిసార్లు తిరగాలో అదే గేరు నిష్పత్తి. ఫస్ట్ గేరు నిష్పత్తిని ఆఖరి గేరు నిష్పత్తితో భాగిస్తే ఆ గేర్‌బాక్స్ ఎంత మేర అందుకుంటుందో తెలుస్తుంది. బీఎండబ్ల్యూ నుంచి జీపు దాకా అందరూ వాడుకున్న, జెడ్ఎఫ్ అనే జర్మన్ కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల పెట్టెలో ఫస్ట్ 4.71, ఎనిమిదోది 0.67. భాగిస్తే సుమారు 7. ఫోర్డ్ ఎఫ్-150లో వచ్చిన పది గేర్ల పెట్టెలో ఫస్ట్ 4.70, పదోది 0.64. భాగిస్తే 7.4. రెండు గేర్లు అదనంగా కలిపితే చివరికి దక్కింది ఆ పాయింట్ నాలుగు. అదే ఇంట్లో రెండు గోడలు కట్టి "మాది పది గదుల ఇల్లు" అన్నట్టుంది.

లోపలికి వెళ్తే ఇంకా వింత. ఆ పది గేర్ల పెట్టెలో తొమ్మిదోది 0.69, పదోది 0.64. రెండింటికీ తేడా ఎనిమిది శాతం లోపే. ఇంజిన్ నిమిషానికి 2,000 సార్లు (ఆర్‌పీఎం అంటే అదే) తిరుగుతుంటే గేరు మారాక 1,850 దగ్గరికి వస్తుంది. టైర్ల చప్పుడులో ఆ తేడా మీ చెవికి తెలియదు, సీటుకీ తెలియదు. మామూలు ఐదు గేర్ల బండిలో సెకండ్ నుంచి థర్డ్‌కి మారితే ఇంజిన్ వేగం మూడో వంతు పడిపోతుంది. ఆ పడిపోవడమే అసలు సంగతి. గొంతు పైకి లేచి లేచి ఒక చోట తెగి, కిందికి దిగి, మళ్లీ లేవడం మొదలుపెడుతుంది. ఒక పని ముగిసి ఇంకో పని మొదలైనట్టు ఒంటికి తెలుస్తుంది. మెట్లెక్కేవాడికి మెట్టు తెలుస్తుంది కదా, అలా. గేర్లు దగ్గరైపోయేకొద్దీ మెట్లు కాస్తా ర్యాంపు అయిపోతాయి. అదే కావాలనుకుంటే బెల్టు మీద నడిచే సీవీటీ ఆటోమేటిక్ ఉండనే ఉంది, దానికి గేర్లే లేవు. విడ్డూరం ఏంటంటే, ఆ సీవీటీకి జనం విసుక్కుంటున్నారని హోండా సిటీలో ఉత్తుత్తి గేర్లు ఏడు పెట్టి, మార్చుకోవడానికి స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఇచ్చారు.

ప్యాడిల్స్ అంటే గుర్తొచ్చింది. "మీకు అంత సరదా ఉంటే మాన్యువల్ మోడ్‌లో నడుపుకోండి" అని షోరూమ్‌లో చెబుతారు. నడిపాను. విజయవాడ హైవే మీద ఎనిమిదో గేరులో వెళ్తున్నాను, ముందు లారీ. దాన్ని దాటాలంటే నాలుగో గేరు కావాలి. ఎడమ ప్యాడిల్ టక్, టక్, టక్, టక్. మూడు లాగానా, నాలుగు లాగానా? స్పీడోమీటర్ పక్కన చిన్న అంకె చూసి ఖాయం చేసుకోవాలి. అంకె చూసేసరికి లారీ వెనక నుంచి కనిపించిన ఖాళీ కాస్తా పోయింది. ఐదు గేర్ల బండిలో ఏ గేరులో ఉన్నానో చూసుకునే అవసరం నాకు ఏనాడూ రాలేదు. చెయ్యి చెబుతుంది, చెవి చెబుతుంది. పది గేర్లను గుర్తుపెట్టుకునే చెవి మనిషికి లేదు.

అటు వాదించేవాళ్ల మాట కూడా చెప్పాలి కదా. ఎక్కువ గేర్లుంటే ఇంజిన్ ఎప్పుడూ తనకి అనువైన వేగంలోనే తిరుగుతుంది, పెట్రోలు ఆదా అవుతుంది, హైవే మీద మోత తగ్గుతుంది అంటారు. నిజమే. జెడ్ఎఫ్ ఎనిమిది గేర్ల పెట్టె అవసరమైతే ఎనిమిది నుంచి రెండుకి నేరుగా దూకగలదు, అదీ కంటి రెప్ప వేసినంతలో. 2017లో బీఎండబ్ల్యూ ఎం5 లాంటి బండే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ పెట్టెని వదిలేసి ఈ పెట్టెకి మారింది. ఇంజినీరింగ్‌గా అది అద్భుతం, కాదనను. అయితే ఎనిమిది నుంచి రెండుకి దూకడం అంత గొప్ప అయినప్పుడు, మధ్యలో ఉన్న ఐదు గేర్లు డ్రైవర్‌కి ఏం చేస్తున్నట్టు?

వాటికి వేరే పని ఉంది. 1989 నాటి షెవర్లే కార్వెట్ కథ వింటే అదేంటో తెలుస్తుంది. ఆ ఏడాది దానికి ఆరు గేర్ల మాన్యువల్ పెట్టారు. మాన్యువల్ అంటే మీ చెయ్యి, మీ ఇష్టం. కానీ వేడెక్కిన ఇంజిన్‌తో, యాక్సిలరేటర్ మెల్లగా నొక్కుతూ, ఫస్ట్ గేరులో పాతిక ముప్పై కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు సెకండ్ వేయబోతే లోపల కరెంటుతో కదిలే సోలనాయిడ్ అనే చిన్న మీట అడ్డం పడేది. గేరు రాడ్డు సెకండ్‌లోకి పోదు, తిన్నగా ఫోర్త్‌లో పడుతుంది. ఎందుకు? అమెరికా ప్రభుత్వ మైలేజీ పరీక్షలో ఆ వేగంలో, ఆ ఒత్తిడిలో ఫోర్త్‌లో ఉంటే మార్కులు ఎక్కువ. మార్కులు తగ్గితే ఎక్కువ పెట్రోలు తాగే కార్ల మీద వేసే పన్ను పడుతుంది. కార్వెట్ కొన్నవాళ్లు ఏం చేశారంటే, ఆ సోలనాయిడ్ వైరు తీసి దాని చోట చిన్న ప్లగ్ పెట్టుకున్నారు. ఆ ప్లగ్గులకి ఒక బజారే పుట్టింది. పరీక్ష హాల్లో ఫస్టు ర్యాంకు, గుమ్మం దాటగానే ప్లగ్గు.

ఈ ఒక్క కథలో నాకు మొత్తం కనిపిస్తుంది. పాత యూరప్ మైలేజీ పరీక్షలో మాన్యువల్ బండికి ఏ వేగంలో ఏ గేరు వేయాలో పరీక్షే చెప్పేది. ఆటోమేటిక్‌కి మాత్రం దాని సాఫ్ట్‌వేర్ ఇష్టం. ఎంత తొందరగా పై గేరుకి పోతే అంత మైలేజీ. అలాంటప్పుడు ఎక్కువ గేర్లు పెట్టి, కాలు తీయగానే పైకి ఎక్కించే బుద్ధి నేర్పడం కంపెనీకి లాభం. మన మైలేజీ పరీక్ష కూడా ఆ కుటుంబంలోదే. గదిలో రోలర్ల మీద ఇరవై నిమిషాల పరుగు, గరిష్ఠ వేగం గంటకు 90. ఘాట్ లేదు, ముందు లారీ లేదు, వెనక సీట్లో ముగ్గురు అత్తలు లేరు. ఆ పరుగులో వచ్చిన అంకె షోరూమ్ బ్రోచర్ మీద ఎక్కుతుంది, మన రోడ్డు మీద మాత్రం ఎక్కదు. 2022-23 నుంచి మన దగ్గర కంపెనీ కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకి 113 గ్రాములకి దిగాలన్న నిబంధన ఉంది, కొలిచేదీ ఆ రోలర్ల మీదే. గాలి బాగుండాలని నాకూ ఉంది. కానీ కంపెనీ గేర్‌బాక్స్‌కి శ్రీశైలం ఘాట్ నేర్పకుండా ఆ రోలర్ల పరుగే ఎందుకు బట్టీ పట్టిస్తుందో ఈ నిబంధన చూస్తే అర్థమవుతుంది.

బట్టీ అన్నాక తెలుగువాళ్లకి వేరే ఉదాహరణ కావాలా? ఎంసెట్ అన్నా, ఈఏపీసెట్ అని పేరు మార్చినా, ఇంటర్ చదివే పిల్లాడి రెండేళ్లు ఒక రోలర్ల మీద పరుగే. పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదికి స్టడీ అవర్, ఆదివారం పరీక్ష, సోమవారం ర్యాంకు. ఫిజిక్సులో గేరు మీద లెక్క ఇస్తే నలభై సెకన్లలో ఆప్షన్ సి అని పెడతాడు. సైకిల్ మీద ఎత్తు ఎక్కేటప్పుడు వెనక పెద్ద పళ్ల చక్రానికి చైన్ ఎందుకు మారుస్తారో అడగండి, బిక్కమొహం వేస్తాడు. వాడి తప్పు కాదు. వాణ్ణి ఆ పరీక్షకి ట్యూన్ చేశారు. రిజల్ట్స్ వచ్చిన రోజు టీవీలో ఊపిరి తీసుకోకుండా చదివే ర్యాంకుల ప్రకటనకీ, కారు బ్రోచర్లో పెద్ద అక్షరాల్లో వేసే గేర్ల సంఖ్యకీ తేడా నాకైతే కనపడదు. చివరికి కాపీ కొట్టే వరకూ వ్యవహారం వెళ్లడం కూడా ఒకటే. 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లు తాము పరీక్షలో ఉన్నామని పసిగట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా నడుచుకుంటున్నాయని బయటపడింది. ఇన్విజిలేటర్ ఉన్నంతసేపు మంచి పిల్లాడు.

మళ్లీ గేర్ల దగ్గరికి వస్తాను. జెడ్ఎఫ్ తొమ్మిది గేర్ల పెట్టెతో 2013లో జీప్ చెరోకీ రావలసి ఉంటే, గేర్లు మార్చే సాఫ్ట్‌వేర్ ఒక దారికి రాక బండ్లు ఫ్యాక్టరీ దగ్గరే ఆగిపోయాయి. వచ్చాక కూడా అప్‌డేట్ మీద అప్‌డేట్. అందులో తొమ్మిదో గేరు నిష్పత్తి 0.48. అది ఎంత పొడుగు గేరంటే, అమెరికా హైవే వేగాల్లో కూడా అది పడటం లేదని కొన్నవాళ్లు మొత్తుకున్నారు. మన ఓఆర్ఆర్ మీద 120 అనుమతించినా దాని మొహం ఎంతమంది చూస్తారో. డబ్బులిచ్చి కొన్న గేరు, బరువు మోస్తున్న గేరు, పూజగదిలో వెండి పళ్లెంలా దాచుకోవాలి.

నడిపే సరదానే సరుకుగా అమ్ముకునేవాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. పోర్షే దగ్గర ఎనిమిది గేర్ల పీడీకే (వాళ్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ పేరు) ఉంది, ఇప్పటి తరం 911లో మామూలు మోడళ్లకి అదే ఇచ్చారు. అదే 911లో ట్రాక్ పిచ్చి ఉన్నవాళ్ల కోసం చేసిన జీటీ3కి మాత్రం ఏడు గేర్ల పీడీకే. మామూలు 911కి మాన్యువల్ అడిగితే ఏడు గేర్లు ఇచ్చినవాళ్లు, జీటీ3కి మాన్యువల్ అడిగితే ఆరే ఇచ్చారు. సరదాకి ఎక్కువ డబ్బిచ్చినవాడికి గేర్లు తగ్గిస్తున్నారన్నమాట. మాజ్దా ఎంఎక్స్-5 అయితే మాన్యువల్ అయినా ఆటోమేటిక్ అయినా ఆరు దాటలేదు. ఆ చిన్న కారు నడిపినవాడెవడూ ఏడో గేరు లేదే అని ఏడ్చినట్టు నేను వినలేదు.

ఇక కరెంటు బండ్లు. నెక్సాన్ ఈవీకి ఒకటే గేరు, దాని సుఖం దానిది. కానీ 2023లో హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ అని ఒక కరెంటు బండి తెచ్చి, లేని గేర్లు ఎనిమిది సాఫ్ట్‌వేర్‌తో పుట్టించింది. గేరు మారినట్టు ఒక కుదుపు, స్పీకర్లలోంచి ఇంజిన్ మోత, సకాలంలో గేరు మార్చకపోతే ఆర్‌పీఎం గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోవడం, అన్నీ ఉన్నాయి. నేను ఇందాక చెప్పిన మెట్టు అదే. అసలు గేర్లున్న బండ్లలో ఆ మెట్టు తెలియకుండా చేయడానికి ఏళ్ల తరబడి కష్టపడి, గేర్లే లేని బండిలో దాన్ని మళ్లీ తయారుచేసి అమ్ముతున్నారు.

శ్రీశైలం నుంచి వచ్చాక మా బావమరిది అడిగాడు, "ఆ పాత బండి ఇంకా ఎందుకు బావా, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయకూడదా" అని. పోయిన వారమే మెకానిక్ దాని క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయన్నాడు. మార్చమని చెప్పి అడ్వాన్స్ ఇచ్చొచ్చాను.