ఇగా స్వియాటెక్ బడి మానలేదు: పేరెంట్స్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్‌కు నా జవాబు

విజయవాడలో పిల్లల్ని టెన్నిస్ కోచింగ్‌కు పంపే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్ళుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. పటమట గ్రూపులో చూశాను. గుంటూరు నుంచి మా తోడల్లుడు కూడా అదే పంపాడు. పైన పోలండ్ ప్లేయర్ ఇగా స్వియాటెక్ ఫొటో, కింద ఆమె కథ. సారాంశం ఇదీ:

“ఈమె చిన్నప్పుడే బడి మానేసింది. రోజంతా టెన్నిసే. ఎవరికీ తెలియని పిల్ల 19 ఏళ్ళకు రాత్రికి రాత్రే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి కోట్లు సంపాదించింది. ఛాంపియన్లకు టెన్షన్ ఉండదు, కన్నీళ్ళు ఉండవు. మీ బిడ్డలో టాలెంట్ ఉంటే ఆరో తరగతిలోనే బడి మాన్పించి కోర్టులో దించండి. రెండు పడవల మీద కాళ్ళు పెడితే మునిగేది మీ బిడ్డే.”

దాని కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు. వాటి మధ్య ఒక నాన్నగారు “మా పాపకు ఈ నెలలోనే టీసీ తీసుకుంటున్నాం” అని రాశారు. పాప ఏడో తరగతి చదువుతోంది. అందుకే ఈ జవాబు రాస్తున్నాను. మెసేజ్‌లోని ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

“చిన్నప్పుడే బడి మానేసింది.”

అబద్ధం. ఇగా 2001 మే 31న వార్సాలో పుట్టింది. 2020 అక్టోబరులో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. హైస్కూల్ చివరి పరీక్షలు కూడా ఆ ఏడాదే రాసింది. అంటే మన లెక్కలో ఇంటర్ పూర్తి చేసిన ఏడాదే గ్రాండ్‌స్లామ్ (టెన్నిస్‌లోని నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) కొట్టింది. 2018లో జూనియర్ వింబుల్డన్ గెలిచినప్పుడూ, 2019లో మొదటిసారి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్) టోర్నీ ఫైనల్ ఆడినప్పుడూ ఆమె స్కూల్ స్టూడెంటే. స్కూల్ అయ్యాక కూడా టెన్నిస్‌కు ఒకటి రెండేళ్ళు టైమ్ ఇచ్చి చూద్దాం, కుదరకపోతే కాలేజీలో చేరదాం అనుకున్నానని ఆమే చెప్పింది. టెన్నిస్ కలిసిరాకపోతే ఏం చేయాలో ఆ ఇంట్లో ముందే ఆలోచించుకున్నారన్నమాట. మెసేజ్ రాసినవాళ్ళు ఆమె జీవితంలోంచి సరిగ్గా ఆ ముక్కనే కత్తిరించి పారేశారు.

పోలండ్‌లో చదువు తేలికేమో, మన దగ్గర అలా కుదరదు అని ఎవరైనా అనవచ్చు. మన దగ్గర కష్టమే, ఒప్పుకుంటాను. ఎనికేపాడు, గూడవల్లి వైపు హాస్టళ్ళలో పొద్దున్న స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో ఆటకు చోటుండదు. అయితే అలాంటి కాలేజీలో వేయకపోవడం వేరు, చదువే మాన్పించడం వేరు. ఓపెన్ స్కూల్ ఉంది. హాజరు విషయంలో పట్టువిడుపు చూపే చిన్న స్కూళ్ళు ఉన్నాయి. ఆ దారిలో పోయేవాళ్ళను నేనేమీ అనను. నా అభ్యంతరమంతా పన్నెండేళ్ళ పిల్లకు ఏ సర్టిఫికెట్టూ లేకుండా చేయడం మీదే.

“ఎవరికీ తెలియని పిల్ల, రాత్రికి రాత్రే.”

ఆ టోర్నీ మొదలైనప్పుడు ఆమె ర్యాంకు 54, సీడింగ్ (టోర్నీలో మేటి ప్లేయర్లకు ముందే ఇచ్చే వరస నంబరు) లేదు. అంతవరకు నిజం. ఏడు మ్యాచ్‌ల్లో ఒక్క సెట్ కూడా పోగొట్టుకోలేదు, మొత్తం మీద వదిలింది 28 గేమ్‌లే. ఫైనల్లో సోఫియా కెనిన్‌ను 6-4, 6-1తో ఓడించింది. పోలండ్ నుంచి సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ గెలిచిన మొదటి ప్లేయర్ ఆమే. ఇదొక్కటే చూస్తే ఆకాశం నుంచి ఊడిపడినట్టే ఉంటుంది.

దానికి ముందు నాలుగేళ్ళు చూడండి. 2016లో, పదిహేనేళ్ళ వయసులో, స్టాక్‌హోమ్‌లో 10 వేల డాలర్ల చిన్న టోర్నీ గెలిచింది. అలాంటి ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీల్లో మొత్తం ఏడు ఫైనల్స్ ఆడి ఏడూ గెలిచింది. 2017లో చీలమండకు ఆపరేషన్ అయి నెలల తరబడి ఆటకు దూరమైంది. 2019 ఫ్రెంచ్ ఓపెన్ నాలుగో రౌండ్‌లో సిమోనా హాలెప్ చేతిలో 6-1, 6-0తో ఓడిపోయింది. ముక్కాలు గంటలో మ్యాచ్ అయిపోయింది. మరుసటి ఏడాది అదే టోర్నీలో, అదే నాలుగో రౌండ్‌లో, అదే హాలెప్‌ను 6-1, 6-2తో ఓడించింది.

పిల్లలకు చెప్పాల్సింది ఈ రెండు మ్యాచ్‌ల కథ. ఒక్క గేమ్‌తో సరిపెట్టుకుని ఇంటికి వెళ్ళిన 18 ఏళ్ళ అమ్మాయి ఆ మధ్యలో ఏం చేసి ఉంటుందో మన పిల్లల్నే అడిగి చూడండి, వాళ్ళు ఎంత బాగా మాట్లాడతారో. ‘రాత్రికి రాత్రే’ అనగానే ఆ ఏడాదంతా ఎగిరిపోతుంది.

“ఆరో తరగతిలోనే బడి మాన్పించి కోర్టులో దించండి.”

ఆరో తరగతి పిల్లకు పదకొండేళ్ళు ఉంటాయి. 13 నిండనిదే ఐటీఎఫ్ జూనియర్ టోర్నీలు ఆడనివ్వరు. 14 నిండనిదే ప్రొఫెషనల్ టోర్నీల్లోకి రానివ్వరు. అమ్మాయిలకైతే 18 వచ్చేదాకా ఏడాదికి ఎన్ని ప్రొఫెషనల్ టోర్నీలు ఆడవచ్చో కూడా పరిమితి ఉంది. ఈ పరిమితులు ఊరికే రాలేదు. 1990లో జెన్నిఫర్ కాప్రియాటీ పద్నాలుగేళ్ళు నిండకముందే ప్రొఫెషనల్ అయింది, ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్ ఆడింది, తర్వాత కొన్నేళ్ళకే అలిసిపోయి ఆట నుంచి తప్పుకుంది. ఆమె పడిన బాధ చూశాకే నిబంధనలు బిగించారు. ఆమె మళ్ళీ వచ్చి గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిందనుకోండి, కానీ మధ్యలో పోయిన సంవత్సరాలు పోయినట్టే.

మరి పదకొండేళ్ళకు బడి మాన్పించి పిల్లను ఏ టోర్నీకి పంపుతారు? ఆ వయసులో ఉండేవి ఏఐటీఏ (అఖిల భారత టెన్నిస్ సంఘం) అండర్-12, అండర్-14 టోర్నీలు. వాటికి టీసీ అక్కర్లేదు, లీవ్ లెటర్ చాలు.

ఇగా అక్క అగాటా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మెసేజ్‌లో ఆమె ఊసే లేదు. ఆ ఇంట్లో ముందు టెన్నిస్ ఆడింది అక్కే. అక్కను చూసే చెల్లెలు ర్యాకెట్ పట్టింది. తండ్రి తొమాష్ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రోయింగ్ చేసిన మనిషి. ఇద్దరికీ అదే తండ్రి, అదే ఇల్లు, అదే క్రమశిక్షణ. గాయాల వల్ల అక్క ఆట ఆపేయాల్సి వచ్చింది. ఆపేశాక డెంటిస్ట్రీ చదివింది. చదువు చేతిలో ఉంది కాబట్టి చదవగలిగింది. మన కోర్టుల్లో ఆడే పిల్లల్లో చెల్లెలిలా అయ్యేవాళ్ళు ఎందరో, అక్కలా ఆగాల్సి వచ్చేవాళ్ళు ఎందరో కోచింగ్ ఇచ్చే ఏ సార్‌నైనా పక్కకు పిలిచి అడగండి.

“ఛాంపియన్లకు టెన్షన్ ఉండదు, కన్నీళ్ళు ఉండవు.”

ఈ వాక్యం చదివితే నాకు కోపం వస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌లో పౌలా బడోసా చేతిలో ఓడాక ఇగా కోర్టు పక్కనే కూర్చుని, ముఖానికి టవల్ అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ప్రపంచమంతా చూసింది. 2024 పారిస్ ఒలింపిక్స్ సెమీస్‌లో ఓడినప్పుడు ఇంటర్వ్యూ మధ్యలోనే మాట పెగల్లేదు, మరుసటి రోజు వచ్చి కాంస్యం గెలిచింది. 2019లో డారియా అబ్రమోవిచ్ అనే స్పోర్ట్స్ సైకాలజిస్టు ఆమె టీమ్‌లో చేరారు, టోర్నీలకు వెంట వెళ్ళేవారు. ఆ సంగతి ఇగా ఏనాడూ దాచలేదు. 2021లో ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ఇండియన్ వెల్స్ టోర్నీలో వచ్చిన ప్రైజ్ మనీని మానసిక ఆరోగ్యం కోసం విరాళంగా ఇచ్చింది. 2022లో వరసగా 37 మ్యాచ్‌లు గెలిచింది ఈ అమ్మాయే. ఏడవడం ఆమె గెలుపుకు అడ్డం రాలేదు.

ఇక మన కోర్టు దగ్గరికి వద్దాం. ఎండలకు భయపడి వేసవిలో పిల్లల్ని ఐదున్నరకే తెస్తారు. ఒక పాప సర్వ్ చేస్తోంది. పన్నెండేళ్ళుంటాయి. ఒక డబుల్ ఫాల్ట్ పడింది, అంటే వరసగా రెండు సర్వ్‌లూ తప్పాయి. పాప బంతి వైపు చూడలేదు, కోచ్ వైపూ చూడలేదు. తల తిప్పి మెష్ బయట ఫోన్‌తో వీడియో తీస్తున్న నాన్న ముఖంలోకి చూసింది. ఆయన ఏమీ అనలేదు, ఫోన్ కిందికి దించారు, అంతే. తర్వాతి సర్వ్‌కు పాప బంతిని రెండుసార్లు ఎగరేసి, కొట్టకుండానే పట్టుకుంది. చెయ్యి వణుకుతోంది. ఛాంపియన్లు ఏడవరని ఈ పాపకు చెబితే ఆ వణుకు ఆగదు, దాన్ని దాచడం మాత్రం నేర్చుకుంటుంది. మన జిల్లాల్లో మార్కుల కోసం పిల్లల మీద పెట్టే ఒత్తిడి ఎక్కడికి దారితీస్తుందో ప్రతి ఇంటర్ ఫలితాల సీజన్‌లోనూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ ఒత్తిడినే ట్రాక్ సూట్ తొడిగి కోర్టుకు తెస్తే అది ఆట ఎలా అవుతుంది?

మెసేజ్ చివర్లో “బలానికి ఫలానా పొడి, నిద్రకు ఫలానా మాత్ర” అని సలహాలు కూడా ఉన్నాయి. వాటిని మాత్రం దయచేసి ముట్టుకోకండి. 2024 ఆగస్టులో ఇగా శాంపిల్‌లో ట్రైమెటాజిడిన్ అనే నిషేధిత మందు బయటపడింది. విచారణలో తేలిందేమిటంటే, ఆమె నిద్ర కోసం వాడిన మెలటోనిన్ మాత్రల్లోనే అది కలిసి ఉంది. ఆమెది పెద్ద తప్పేమీ కాదని ఒప్పుకున్నారు. అయినా నెల రోజుల సస్పెన్షన్ పడింది, ఆ శరదృతువులో కొన్ని టోర్నీలు పోయాయి. చుట్టూ డాక్టర్లు, లాయర్లు ఉన్న ప్లేయర్‌కే ఇలా జరిగింది.

“కోట్లు సంపాదించింది.”

2020లో ఫ్రెంచ్ ఓపెన్ ఛాంపియన్‌కు ఇచ్చింది 16 లక్షల యూరోలు. ఆ తర్వాత అదే టోర్నీ 2022, 2023, 2024లో, యూఎస్ ఓపెన్ 2022లో, వింబుల్డన్ 2025లో గెలిచింది. కోట్లు నిజమే. కానీ అది శిఖరం మీద లెక్క. అడుగున ఉండే ఐటీఎఫ్ టోర్నీలో మొత్తం ప్రైజ్ మనీయే 15 వేల డాలర్లు. దాన్ని సింగిల్స్ మెయిన్ డ్రాలో (అసలు పోటీలో) ఉన్న 32 మందీ, డబుల్స్ ఆడేవాళ్ళూ పంచుకోవాలి. గెలిచిన అమ్మాయికైనా టికెట్లు, హోటల్, కోచ్ ఖర్చు పోను పెద్దగా మిగలదు. జూనియర్ ఐటీఎఫ్ టోర్నీల్లో అయితే ప్రైజ్ మనీ అన్నదే ఉండదు. పొలం అమ్మో, అప్పు చేసో పంపేవాళ్ళు ముందు ఈ అంకెలు చూసుకోవాలి.

“రెండు పడవల మీద కాళ్ళు.”

దీనికి జవాబు మన ఊళ్ళోనే ఉంది. విజయవాడలో పుట్టిన సాకేత్ మైనేని అమెరికా వెళ్ళి అలబామా యూనివర్సిటీలో చదువుకుంటూ కాలేజీ టెన్నిస్ ఆడాడు. ఆ తర్వాత 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016లో క్వాలిఫైయింగ్ దాటి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో ఆడాడు. గ్రాండ్‌స్లామ్ టైటిల్ రాలేదు. అయినా ఎంత చక్కటి కెరీర్! అలా స్కాలర్‌షిప్ మీద ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) మొదటి డివిజన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు పూర్తి చేసి ఉండాలి. తొమ్మిదో తరగతి నుంచి మార్కుల రికార్డు అడుగుతారు. ఏడో తరగతిలో టీసీ తీసుకుని ఇంట్లో కూర్చోబెట్టిన పాపకు, ఫోర్‌హ్యాండ్ ఎంత బాగున్నా, ఆ అప్లికేషన్‌లో నింపడానికి ఏమీ ఉండదు.

గ్రూపులో టీసీ గురించి రాసిన నాన్నగారికి ఒక్క మాట. మీ పాప ఆట నేను చూశాను, నిజంగా బాగా ఆడుతుంది. టీసీ అప్లికేషన్ ఇంకా ఇవ్వకపోతే ఆపండి. ఇచ్చేసి ఉంటే రేపే వెళ్ళి వెనక్కి తీసుకోండి. ఏఐటీఏ క్యాలెండర్ ఒక పక్క, స్కూల్ పరీక్షల తేదీలు ఒక పక్క పెట్టుకుని ప్రిన్సిపాల్ గారితో కూర్చుందాం. మీకు మొహమాటమైతే నేను కూడా వస్తాను.