హాజరుపట్టీలో పేరుంటే చాలదు

బడిలో ఉన్న ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తినీ ఉపాధ్యాయుడు అంచనా వేయాలని, అవసరమైన వారికి అదనపు బోధన అందించాలని 2009 నాటి విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. ఒక్కొక్కరినీ విడిగా పట్టించుకోవడాన్ని మంచి మాస్టార్ల ఔదార్యానికి వదిలేయకుండా చట్టమే బాధ్యతగా విధించింది. ఆ బాధ్యత నెరవేర్చేందుకు వారికి సమయం ఇస్తున్నామా అన్నది మాత్రం ప్రభుత్వాలు తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న.

లెక్క వేసి చూద్దాం. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని, అయిదో తరగతి వరకు ఏడాదికి 800 గంటల బోధన జరగాలని అదే చట్టం నిర్దేశించింది. ఇద్దరూ ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా పాఠం చెబితే 1,600 గంటలు. వాటిని అయిదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి దక్కేది 320. మిగిలిన 480 గంటలు పిల్లలు గదిలోనే ఉంటారు గానీ ఉపాధ్యాయుడు మరో తరగతి వైపు తిరిగి ఉంటాడు. ఇరవై మంది పిల్లలకు ఒకే ఉపాధ్యాయుడున్న బడిలో ఈ వాటా 160 గంటలకు పడిపోతుంది. అయినా కాగితం మీద ఆ బడిలో ఉపాధ్యాయుడికి ఇంతమంది పిల్లలన్న నిష్పత్తి నిబంధన కన్నా మెరుగ్గానే కనిపిస్తుంది.

పిల్లలందరూ కలిసి గొంతెత్తి చదువుతుంటే ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో తెలియదు. గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్ల, పాఠమంతా కంఠస్థం చేసి పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెప్పగలిగే పిల్లవాడు, తీసివేతలో పదిని అరువు తెచ్చుకోవడం అర్థంకాక పక్కవాడి పలక చూసే మరొకడు... వీరి ఇబ్బంది పక్కన కూర్చోబెట్టుకుని ఒక పుట చదివించినప్పుడు, ఒక లెక్క చేయించినప్పుడు మాత్రమే బయటపడుతుంది. మొద్దు అనిపించుకుంటున్న పిల్లకు నల్లబల్ల మీది అక్షరాలు సరిగా కనిపించడం లేదని తెలిసేదీ అప్పుడే. ఇంట్లో కోయ, గోండి, సవర భాషలు మాట్లాడే పిల్లల మౌనానికి కారణం తెలివి తక్కువ కావడం కాదని గ్రహించాలన్నా వారితో కాసేపు మాట్లాడాలి.

ఇది పేద పల్లెల్లో సాధ్యం కాదనే వాదనకు మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ గ్రామీణ పాఠశాలలు ఎప్పుడో జవాబిచ్చాయి. అక్కడ భాషనూ గణితాన్నీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు కృత్య కార్డులు తయారుచేశారు. పిల్లలు నిచ్చెన ఎక్కినట్టు ఎవరి వేగంతో వారు ముందుకు సాగుతారు. కొందరు తోటివారితో, కొందరు ఒంటరిగా పనిచేస్తుంటే, కొత్త మెట్టు దగ్గర తడబడేవారి పక్కన ఉపాధ్యాయుడు కూర్చుంటాడు. కర్ణాటకలోని నలి కలి, తమిళనాడులోని కృత్యాధార బోధన ఈ పద్ధతి నుంచే స్ఫూర్తి పొందాయి. తల్లిదండ్రులతో మిరప కోతలకు వలసపోయి రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన బిడ్డ, మన మామూలు బడిలో అయితే అర్థంకాని పాఠం మధ్యలో కూలబడుతుంది. నిచ్చెన ఉన్న చోట వదిలిన మెట్టు నుంచే మళ్లీ మొదలుపెడుతుంది.

మన ప్రభుత్వ బడులకూ ఈ ఆలోచన పరాయిది కాదు. 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఆరు సూత్రాల్లో పిల్లల వైయక్తిక భేదాలను గమనించి బోధించడం ఒకటి. తరాల ఉపాధ్యాయులు శిక్షణ తరగతుల్లో ఆ సూత్రాలను వల్లెవేశారు. బడికి తిరిగి వెళ్లాక వాటిని ఆచరించే వెసులుబాటు మాత్రం కొద్దిమందికే దొరికింది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలన్న కేంద్ర ప్రభుత్వ నిపుణ్ భారత్ కార్యక్రమ లక్ష్యానికి 2026-27 గడువు. ఆ దారిలో తెలంగాణ 2022లో తొలిమెట్టు కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఇవన్నీ మంచి ఉద్దేశంతో వచ్చినవే. అయితే ఏ బిడ్డ ఏ స్థాయిలో ఉందో యాప్‌లో నమోదు చేయడానికి పట్టే సమయం, ఆ బిడ్డను తర్వాతి స్థాయికి తీసుకెళ్లాల్సిన సమయంలోంచే కోసుకుపోతున్నప్పుడు పథకం తన లక్ష్యాన్ని తానే దెబ్బతీసుకుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయుల సర్దుబాటు కోసం తెచ్చిన 117 జీవోను ఉపసంహరించుకుని, 2025లో ఆదర్శ ప్రాథమిక పాఠశాలలకు తరగతికో ఉపాధ్యాయుడిని కేటాయించడం సరైన దిశలో పడిన అడుగు. మిగిలిన చిన్న బడులనూ వదిలేయరాదు. పిల్లలు తగ్గారన్న కారణంతో వాటి నుంచి ఉపాధ్యాయులను సర్దుబాటు పేరిట తరలిస్తే, ఇక ఆ ఊళ్లో ప్రైవేటు బస్సు ఎక్కలేని ఇళ్ల పిల్లలే మిగులుతారు. మార్కులను బట్టి సెక్షన్లు విడదీసి, ర్యాంకు వచ్చేవారిపైనే శ్రద్ధ పెట్టే ప్రైవేటు సంస్థలు కూడా విద్యా హక్కు చట్టం పరిధిలో ఉన్నాయని విద్యాశాఖ గుర్తుచేయాలి.

ఉపాధ్యాయుల అవసరాన్ని పిల్లల సంఖ్యతో పాటు తరగతుల సంఖ్యనూ బట్టి నిర్ణయించాలని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాం. దీర్ఘకాలిక సెలవులో ఉన్నవారి స్థానంలో వెంటనే మరొకరిని పంపే ఏర్పాటు మండల స్థాయిలోనే ఉండాలి. ఫొటోలు, నివేదికలు అడిగే పనిని బడి గంటల్లో పూర్తిగా నిలిపివేయాలి. పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి చదివించుకునేందుకు రోజూ ఒక గంటను కాలపట్టికలోనే చేర్చాలి. తనిఖీకి వెళ్లే అధికారి రికార్డులు తెరవడానికి ముందు, వెనుక వరుసలో కూర్చున్న ముగ్గురు పిల్లల పేర్లు అడిగి, వారికి ఇప్పుడు ఏం వచ్చో, తర్వాత ఏం నేర్పబోతున్నారో ఉపాధ్యాయుడి నోట వినాలి.